మిలాన్–సాన్ రెమో 2025 ప్రివ్యూ: పొగాచార్ ఎక్కడ కొట్టాలి, వాన్ డెర్ పూల్ ఎక్కడ ఆగాలి?

బొంగులూరు నుంచి ఈ వారం ఎపిసోడ్. ఇవాళ గురువారం, మార్చి 20. ఎల్లుండి శనివారం మనకు రెండు పనులున్నయి. ఒకటి ఊరంతా తెలిసిందే, ఐపీఎల్ మొదలు, కోల్‌కతా–బెంగళూరు మ్యాచ్. రెండోది మన పని, మిలాన్–సాన్ రెమో. రెండూ ఒకే రాత్రి, అదీ ఒకే టైముకు. ఈడెన్ గార్డెన్స్‌లో మొదటి ఇన్నింగ్స్ చివరి ఓవర్లు నడిచే టైముకి ఇటలీలో సిప్రెస్సా ఎక్కుతుంటారు. ఇంట్లో ఒకే టీవీ ఉన్నవాళ్ళు ఇప్పట్నుంచే మాట్లాడి పెట్టుకోండి.

కొత్తగా చూసేవాళ్ళ కోసం రెండు ముక్కలు. సైక్లింగ్‌లో ఒక్కరోజు రేసుల్లో అయిదింటిని మాన్యుమెంట్స్ అంటారు. సాన్ రెమో, ఫ్లాండర్స్, రూబే, లియేజ్, లొంబార్దియా. అందులో సాన్ రెమో సంవత్సరంలో మొదట వస్తది, అన్నిటికంటే పొడుగు. 1907లో మొదలైంది. ఈసారి 289 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయి, ఇంకొంచెం ముందుకు పోయినంత. అది ఒక్క రోజులో, ఒక్క కూర్చుడులో. పోయినేడు ఫిలిప్సన్ గెలిచినప్పుడు పట్టిన టైము 6 గంటల 14 నిమిషాల 44 సెకన్లు, సగటున గంటకు 46 కిలోమీటర్ల పైన. రేసు చరిత్రలోనే అంత వేగం ఎప్పుడూ లేదు. పండగ పూట మన హైవే మీద కారులో పోయినా ఆ సగటు రావడం కష్టమే.

పేరు మిలాన్ అని ఉన్నా స్టార్ట్ మాత్రం పావియా నుంచి, పోయినేడు లాగానే. మొదట పో నది మైదానం, బల్లపరుపు. తర్వాత తుర్కీనో కనుమ ఎక్కి సముద్రం ఒడ్డుకు దిగుతరు. అక్కడి నుంచి ఆవురేలియా రోడ్డు, ఎడమ పక్క సముద్రం. ఆఖరి యాభై అయిదు కిలోమీటర్లలో మూడు చిన్న ఎత్తులు, కాపో మెలె, కాపో చెర్వో, కాపో బెర్తా. ఆ తర్వాత సిప్రెస్సా, ఆ తర్వాత పోజ్జో, ఆ తర్వాత వయా రోమాలో ఫినిష్. అయిదున్నర గంటలు నిజం చెప్పాలంటే ఏమీ జరగదు. ఆఖరి నలభై నిమిషాల్లో అంతా జరుగుతది. అందుకే దీన్ని ఎవరైనా పూర్తి చెయ్యగలిగే రేసు, ఎవరూ గెలవలేని రేసు అంటుంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈసారి కథంతా ఒక మనిషి చుట్టూ తిరుగుతుంది. తాడే పొగాచార్. పోయినేడు జీరో, టూర్, వరల్డ్ ఛాంపియన్‌షిప్ మూడూ కొట్టినవాడు. మాన్యుమెంట్స్‌లో ఇప్పటికి ఏడు గెలిచాడు, లొంబార్దియా నాలుగు, లియేజ్ రెండు, ఫ్లాండర్స్ ఒకటి. మిగిలినవి రెండే, రూబే, సాన్ రెమో. అయిదూ గెలిచినవాళ్ళు సైక్లింగ్ చరిత్రలో ముగ్గురే, వాన్ లూయ్, మెర్క్స్, డి వ్లామింక్. ముగ్గురూ బెల్జియం వాళ్ళే. అందులో మెర్క్స్ ఒక్కడే సాన్ రెమో ఏడుసార్లు కొట్టాడు. పొగాచార్ ఇక్కడ 2022లో అయిదు, 2023లో నాలుగు, 2024లో మూడు. వరుస చూస్తే మెట్లు ఎక్కుతున్నట్టే ఉంది కదా? కానీ నా లెక్కలో ఆ మెట్లు మోసం. మూడు నుంచి ఒకటికి పోవడం, అయిదు నుంచి మూడుకు పోయినంత సులువు కాదు. ఎందుకో చెప్తా.

పోజ్జో అనేది 3.7 కిలోమీటర్లు. సగటు వాలు 3.7 శాతం, మధ్యలో ఒకచోట ఎనిమిది దాకా పోతది. అంటే కొండ కాదండీ, మన భాషలో గడ్డ. అనంతగిరి ఘాట్‌కి పోయి వచ్చినవాళ్ళు ఇది చూసి నవ్వుతరు. కానీ దాన్ని వీళ్ళు ఆరు నిమిషాల లోపే ఎక్కేస్తారు. అంటే ఎక్కేటప్పుడే గంటకు 38 కిలోమీటర్ల పైన వేగం. మనలో చాలామందికి సర్వీస్ రోడ్డు మీద బల్లపరుపులో కూడా ఆ వేగం అయిదు నిమిషాలు నిలవదు.

ఆ వేగంలో ఏమైతదంటే, గాలి ముఖ్యమైపోతుంది. నేను కాగితం మీద మోటు లెక్క ఒకటి వేసుకున్నా. పొగాచార్ బరువున్న మనిషి పోజ్జో మీద ఆ వేగంతో పోతే, కాళ్ళ నుంచి వచ్చే శక్తిలో రమారమి అయిదింట రెండు వంతులు గాలిని చీల్చడానికే పోతుంది. అదే టూర్‌లో ఎనిమిది శాతం వాలున్న పెద్ద కొండ మీదైతే గాలికి పోయేది పదో వంతు. అంటే పెద్ద కొండ మీద వెనక చక్రం పట్టుకున్నవాడికి లాభం తక్కువ, ఎవడి బరువు వాడే మోయాలి. అక్కడ పొగాచార్ రాజు. పోజ్జో మీద వెనక చక్రం పట్టుకున్నవాడికి ఆ గాలి పనిలో మంచి వాటా మాఫీ. బొంగులూరు గేట్ నుంచి రావిర్యాల వైపు ఎదురుగాలిలో ఆదివారం పొద్దున గుంపులో తొక్కినవాళ్ళకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. ముందున్నవాడు చచ్చిపోతుంటాడు, మూడో చక్రం మీదున్నవాడు ముచ్చట్లు చెప్తుంటాడు.

అందుకే పొగాచార్ పోజ్జో మీద ఎంత గట్టిగా కొట్టినా, వెనక చక్రం వదలని మనిషి ఒకడు ఉంటే చాలు, రేసు పోయినట్టే. ఆ మనిషి ఎవరో మీకు తెలుసు. మాథ్యూ వాన్ డెర్ పూల్. 2023 గుర్తు చేసుకోండి. పోజ్జోలో పొగాచార్ అటాక్ చేశాడు. వాన్ డెర్ పూల్, గన్నా, వాన్ ఆర్ట్ ముగ్గురూ పట్టుకున్నారు. శిఖరం ఇంకా కొద్ది దూరంలో ఉండగా, అందరూ ఊపిరి తీసుకుందామనుకున్న చోట వాన్ డెర్ పూల్ లేచాడు. అంతే. దిగుడులో ఒక్కడే, ఫినిష్‌లో ఒక్కడే. వాళ్ళ తాత రేమండ్ పులిడోర్ 1961లో ఇదే రేసు గెలిచాడు, సరిగ్గా అరవై రెండేళ్ళ తర్వాత మనవడు. పులిడోర్ అంటే టూర్ ఎప్పుడూ గెలవని మనిషిగానే చాలామందికి గుర్తు. ఈ రేసు మాత్రం ఆయన ఖాతాలో ఉంది.

2024లో మళ్ళీ అదే సీను, ముగింపు వేరు. పొగాచార్ కొట్టాడు, వాన్ డెర్ పూల్ అంటుకున్నాడు. తేడా ఎక్కడంటే, వాన్ డెర్ పూల్ తన కోసం తొక్కలేదు. చివర్లో టీమ్‌మేట్ ఫిలిప్సన్ కోసం పని చేశాడు. స్ప్రింట్‌లో ఫిలిప్సన్ మొదటివాడు, మాథ్యూస్ రెండు, పొగాచార్ మూడు. ఆల్పెసిన్ టీమ్ బలం అదే. రమ్మీలో రెండు జోకర్లు వచ్చిన చెయ్యి లాంటిది. ఒకటి ఇటు వాడొచ్చు, ఇంకొకటి అటు.

మరి పొగాచార్ ఏం చెయ్యాలి? కిందటి ఎపిసోడ్ తర్వాత నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. నా జవాబు: పోజ్జోను మరిచిపోవాలి. సిప్రెస్సాలో కొట్టాలి.

సిప్రెస్సా 5.6 కిలోమీటర్లు, సగటు 4.1 శాతం. శిఖరం నుంచి ఫినిష్‌కి 21.6 కిలోమీటర్లు. ఇక్కడ కొట్టి గెలవడం అంటే చరిత్రకు ఎదురుపోవడమే. సిప్రెస్సా మీద విడిపోయిన గుంపులోంచి విజేత వచ్చింది చివరిసారి 1996లో, గాబ్రియేలె కొలంబో. అంటే ఇరవై తొమ్మిదేళ్ళు. అప్పుడు పుట్టినవాళ్ళు ఇప్పుడు పెలోటాన్‌లో సీనియర్లు. ఎందుకు కుదరలేదంటే, శిఖరం దాటాక దిగుడు ఉంది, దిగినాక తొమ్మిది కిలోమీటర్ల బల్లపరుపు సముద్రం రోడ్డు. ఒంటరిగా పోయినవాడు ఆ తొమ్మిది కిలోమీటర్లలో కరిగిపోతాడు. వెనక గుంపులో ఇద్దరు ముగ్గురు టీమ్‌మేట్లు మిగిలి ఉన్న ఏ స్ప్రింటర్ టీమ్ అయినా ఇరవై సెకన్ల గ్యాప్‌ని తీరిగ్గా మూసేస్తది.

అందుకని సిప్రెస్సా పథకం అంటే పొగాచార్ ఒక్కడు లేచి పోవడం కాదు. యూఏఈ టీమ్ మొత్తం కలిసి ఆ కొండను కింద నుంచి పైదాకా పీల్చెయ్యాలి. మొదటివాడు ఒకటిన్నర నిమిషం ప్రాణం పెట్టి తొక్కి పక్కకు తప్పుకోవాలి, రెండోవాడు అదే వేగంతో రెండు నిమిషాలు, మూడోవాడు ఇంకో రెండు. అప్పటికి గుంపులో ఎవరికీ టీమ్‌మేట్లు మిగలొద్దు. పొగాచార్ అప్పుడు లేవాలి. ఉద్దేశం వాన్ డెర్ పూల్‌ని వదిలించుకోవడం కాదు, వాన్ డెర్ పూల్ వెనకున్న సైన్యాన్ని వదిలించుకోవడం. ఈ తేడా పట్టుకుంటే శనివారం రేసు సగం అర్థమైనట్టే.

పని చేసే మనుషులు యూఏఈకి ఉన్నారు. టిమ్ వెలెన్స్ మొన్న స్ట్రాడె బియాంకెలో మూడోవాడు. నార్వాయెజ్ జనవరిలో టూర్ డౌన్ అండర్ గెలిచాడు. పోయినేడు జీరో మొదటి రోజు తూరిన్‌లో ఇదే పొగాచార్‌ని స్ప్రింట్‌లో ఓడించింది కూడా ఆయనే, అప్పుడు వేరే టీమ్. ఇప్పుడు ఒకే గూట్లో. నాకైతే సిప్రెస్సా మీద ఆఖరి లాగుడు లాగాల్సిన మనిషి నార్వాయెజే అనిపిస్తుంది. పొట్టి ఎత్తుల మీద ఆయన పేలుడు అలాంటిది.

కానీ కాగితం మీద పథకానికీ రోడ్డు మీద పథకానికీ మధ్యలో ఒక మలుపు ఉంది. నిజంగానే మలుపు. సాన్ లొరెంజో అల్ మారె అనే ఊళ్ళో వెడల్పాటి ఆవురేలియా రోడ్డు నుంచి కుడికి తిరిగితే సిప్రెస్సా ఎక్కుడు మొదలు. రోడ్డు ఒక్కసారి సన్నబడుతది. నూట డెబ్బై మంది గుంపులో అందరికీ ఆ మలుపులో మొదటి పదిహేను స్థానాల్లో ఉండాలని ఉంటది. నలభయ్యో స్థానంలో తిరిగినవాడు ఎక్కుడులో ఎంత బలం పెట్టినా ముందుకు రావడానికే అయిపోతాడు. ఓఆర్ఆర్ ఎగ్జిట్ దగ్గర నాలుగు లేన్లు ఒక లేన్‌లోకి దూరే సాయంత్రం ఆరింటి దృశ్యం ఊహించుకోండి, వేగం మాత్రం అరవై. పోయినేడు యూఏఈ సిప్రెస్సాలో వేగం పెట్టింది. గుంపు సన్నబడింది తప్ప చీలలేదు. కాబట్టి శనివారం నేను మొట్టమొదట చూసేది సిప్రెస్సా కూడా కాదు, దానికి ముందు పది కిలోమీటర్లు. కాపో బెర్తా దిగాక తెల్ల జెర్సీలు అయిదారు ఒకే తాడు కట్టినట్టు ముందున్నాయా, లేక ఒకడక్కడ ఒకడిక్కడ చెల్లాచెదురుగా ఉన్నారా? చెల్లాచెదురుగా ఉంటే పథకం అక్కడే ఆగింది అనుకోవచ్చు, మీరు క్రికెట్ పెట్టుకోండి.

రెండోది గాలి. సముద్రం ఒడ్డున తోడుగాలి ఉంటే సిప్రెస్సా అటాక్‌కి బతుకు ఉంటది, ఎందుకంటే ముందున్నవాడికీ వెనకున్న గుంపుకీ తేడా తగ్గుతది. ఎదురుగాలి ఉంటే ఎవరూ కదలరు. శనివారం సాయంత్రం చెట్ల కొమ్మలు, రోడ్డు పక్క జెండాలు ఎటు ఊగుతున్నాయో కెమెరాలో గమనించండి. కామెంటేటర్ చెప్పేలోపే మీకు తెలిసిపోతది.

ఇప్పుడు వాన్ డెర్ పూల్ వైపు నుంచి ఆలోచిద్దాం. ఇది నాకు ఇంకా ఇష్టమైన భాగం. పొగాచార్ సిప్రెస్సాలో లేచాడనుకోండి, వాన్ డెర్ పూల్ అంటుకున్నాడు. ఇద్దరో ముగ్గురో పైకి చేరారు. దిగారు. ముందు తొమ్మిది కిలోమీటర్ల బల్లపరుపు. ఇప్పుడు వాన్ డెర్ పూల్ ముందుకొచ్చి గాలి మొయ్యాలా, వద్దా? మామూలుగా అయితే మొయ్యడు. "నా వెనక గుంపులో ఫిలిప్సన్ ఉన్నాడు, వాళ్ళొచ్చి కలిసినా నాకు నష్టం లేదు" అని కూర్చుంటాడు. ఆ ఒక్క సాకు ఆల్పెసిన్‌కి పోయినేడు కప్పు తెచ్చింది.

కానీ నిన్న, బుధవారం, నోకెరె కూర్సెలో ఫిలిప్సన్ గట్టిగా పడ్డాడు. స్టార్ట్ లైన్ దాకా వచ్చినా, మూడు రోజుల కింద తల కొట్టుకున్నవాడు 289 కిలోమీటర్ల తర్వాత పోజ్జో మీద మొదటి పది మందిలో ఉంటాడని నేను నమ్మను. అంటే రెండు జోకర్లలో ఒకటి చిరిగింది. ఇప్పుడు వాన్ డెర్ పూల్‌కి వెనక్కి చూపించి తప్పించుకునే సాకు లేదు, తనే మొయ్యాలి. విచిత్రం ఏంటంటే, ఇది పొగాచార్‌కి మేలు. ప్రత్యర్థి టీమ్ బలహీనపడినందుకు కాదు, ప్రత్యర్థికి తనతో కలిసి పని చేసే కారణం దొరికినందుకు. ఇద్దరు బలమైనవాళ్ళు మనస్ఫూర్తిగా వంతులు పంచుకుని పోతే వెనక గుంపు వాళ్ళని పట్టుకోవడం కష్టం.

అయితే వాళ్ళిద్దరూ కలిసి వయా రోమా దాకా వస్తే? స్ప్రింట్. అక్కడ నా ఓటు ఎటు అని అడగనక్కర లేదు. 2022 ఫ్లాండర్స్ చూసినవాళ్ళకి గుర్తుంటది. ఇద్దరే ఫినిష్ దగ్గరికి వచ్చారు, ఒకరినొకరు చూసుకుంటూ నెమ్మదించారు, వెనకవాళ్ళు వచ్చి మీదపడ్డారు. వాన్ డెర్ పూల్ గెలిచాడు, పొగాచార్ నాలుగు. ఆ రోజు నేర్చుకున్న పాఠమే 2023 ఫ్లాండర్స్‌లో ఒంటరిగా వచ్చి గెలవడానికి పనికొచ్చింది. కాబట్టి పొగాచార్ సిప్రెస్సాలో సైన్యాన్ని వదిలించుకుని, మళ్ళీ పోజ్జోలో రాజుని కూడా వదిలించుకోవాలి. రెండు పనులు, రెండు వేరు వేరు కాళ్ళతో చేసినంత కష్టం. అది జరిగితే ఈ రేసులో ఈ తరం చూసిన అతి పెద్ద సంగతి అదే అయితది.

ఫామ్ సంగతి. పొగాచార్ మార్చి 8న స్ట్రాడె బియాంకెలో దిగుడులో పడి, భుజం తొడ గీరుకుపోయి, లేచి మళ్ళీ పిడ్‌కాక్‌ని పట్టుకుని, వదిలించుకుని గెలిచాడు. దెబ్బలు మానాయా లేదా అన్నది శనివారం అయిదు గంటలు గడిచాకే తెలుస్తది. వాన్ డెర్ పూల్ ఫిబ్రవరిలో ఏడో సైక్లోక్రాస్ వరల్డ్ టైటిల్ కొట్టాడు, ల సామిన్ గెలిచాడు, తిర్రెనోలో మాత్రం ఒళ్ళు దాచుకున్నాడు. వాన్ ఆర్ట్ ఈసారి లేడు, ఎత్తు మీద ట్రైనింగ్ క్యాంపుకి పోయాడు.

ఇక నేను ఎక్కువమంది చూడని పేరు ఒకటి చెప్తా. ఫిలిప్పో గన్నా. గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కి అవర్ రికార్డ్ పెట్టిన మనిషి. 2023లో ఇక్కడ రెండోవాడు. మొన్న తిర్రెనోలో మొత్తం మీద రెండో స్థానం, కొండలున్న రేసులో ఆ బరువుతో! గన్నా పోజ్జోలో అంటుకోలేకపోయినా ఫరవాలేదు, పది సెకన్లు వెనకబడి పైకి చేరినా చాలు. తర్వాత ఉన్న రోడ్డు ఆయన సొంత ఆస్తి. ముందున్న ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న ఆ రెండు సెకన్లలో తిరిగి వచ్చేస్తాడు. సొంత దేశం రేసు. ఇటలీవాళ్ళు 2018లో నిబాలి తర్వాత మళ్ళీ గెలవలేదు.

మిగతావాళ్ళని త్వరగా చూద్దాం. పిడ్‌కాక్ దిగుడు చాలా ప్రమాదకరం, పోజ్జో దిగుడులో ఆయన వెనక పడటం ఎవరికీ ఇష్టం ఉండదు. పెడర్సన్, వాన పడితే ఇంకా బలం. మాథ్యూస్, గుంపు పదిహేను మందితో వస్తే ఎప్పుడూ అక్కడే ఉంటాడు. మొహోరిచ్ 2022లో సీటు కిందకి దిగే డ్రాపర్ పోస్ట్ పెట్టుకుని దిగుడులో అందరినీ వదిలేసి గెలిచాడు, ఆ ట్రిక్కు రెండోసారి ఎవరినీ ఆశ్చర్యపరచదు. అన్నట్టు ఆ వీడియోలు చూసి మన గడ్డల మీద, ఫ్లైఓవర్ దిగుడుల మీద టాప్ ట్యూబ్ ఎక్కి కూర్చునే తమ్ముళ్ళకి ఒక మాట. అక్కడ రోడ్డు మూసేసి ఉంటది. ఇక్కడ సర్వీస్ రోడ్డులో రాంగ్ సైడ్ ట్రాక్టర్ వస్తది, ఇసుక ఉంటది, బర్రె ఉంటది. జర ఆగండి.

సరే, నా అంచనా. ఇదే రేసు పదిసార్లు జరిగితే వాన్ డెర్ పూల్ నాలుగుసార్లు గెలుస్తాడు. పొగాచార్ రెండు. గన్నా ఒకటి, పెడర్సన్ ఒకటి. మిగిలిన రెండూ పోజ్జో కింద ఎవరూ పట్టించుకోని ఒకడు, 2021లో స్టూవెన్ చేసినట్టు, అందరూ ఒకరినొకరు చూసుకునే టైములో జారుకునేవాడికి. పొగాచార్‌కి రెండే ఇచ్చానని అభిమానులు కోప్పడొద్దు. వేరే ఏ రేసైనా ఆయనకి ఆరు ఇస్తా. ఇక్కడ రోడ్డు ఆయనకి పనికొచ్చేంత నిటారుగా లేదు, అంతే.

పోడియం చెప్పమంటే: వాన్ డెర్ పూల్, పొగాచార్, గన్నా, ఈ వరుసలో. రేసు విడిపోయేది సిప్రెస్సా ఆఖరి రెండు కిలోమీటర్లలో.

ఇంకొకటి, ఇది మిస్ కావొద్దు. అదే రోజు ఆడవాళ్ళ సాన్ రెమో కూడా ఉంది. 1999 నుంచి 2005 దాకా ప్రిమవేరా రోసా పేరుతో జరిగి ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ వస్తోంది. జెనోవా నుంచి 156 కిలోమీటర్లు, సిప్రెస్సా, పోజ్జో, వయా రోమా అన్నీ అవే. దూరం సగమే కాబట్టి పోజ్జోకి వచ్చేసరికి కాళ్ళు తాజాగా ఉంటాయి, విడగొట్టడం ఇంకా కష్టం. ఎస్డీ వర్క్స్ దగ్గర కొపెకీ, వీబెస్ ఇద్దరూ ఉన్నారు, ఆల్పెసిన్ దగ్గర పోయినేడున్న రెండు జోకర్ల లెక్క ఇప్పుడు వీళ్ళది. కొపెకీ వరల్డ్ ఛాంపియన్. ఆమె అటాక్‌లన్నీ మూసేస్తే వీబెస్ స్ప్రింట్‌ని ఆపేవాళ్ళు లేరు. నా ఓటు వీబెస్‌కి. లొంగో బోర్గీని ఒంటరిగా ఏదో ఒకచోట ప్రయత్నిస్తది, వోస్‌ని ఎప్పుడూ కొట్టిపారేయొద్దు.

టైములు రాసుకోండి. మగవాళ్ళ రేసు మన లెక్కన మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మొదలు. నాలుగింటిదాకా నిద్రపోండి, ఏడింటిదాకా మీ పనులు చూసుకోండి. ఎనిమిదికల్లా టీవీ ముందు ఉండాలి. వేగాన్ని బట్టి ఫినిష్ రాత్రి తొమ్మిదికి అటూ ఇటూ. ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్‌లో మన సన్‌రైజర్స్ మ్యాచ్ ఉంది కాబట్టి, రేసు విశ్లేషణ ఎపిసోడ్ పొద్దున్నే పెట్టేస్తా.